ఆటిజము గల బిడ్డల కుటుంబములకు సంఘము: నడుపువారెవరు?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలయందు గడచిన పాతికేండ్ల కృషిని కొనియాడుట వాడుక. ఆ పనిని ఇతర వక్తలు చక్కగా నెరవేర్చెదరు. ఈ ప్రసంగమునకు నిర్ణయింపబడిన విషయము వేరు. ఆటిజము అను స్థితితో పుట్టిన బిడ్డలు, వారిని పెంచుచున్న తల్లిదండ్రులు ఈ చుట్టుప్రక్కల గ్రామములలో కలరు. వారు నెలకొకసారి ఒకచోట కూర్చుండి, తమ కష్టము చెప్పుకొనుటకు, తెలిసిన దారి ఒకరికొకరు చూపుకొనుటకు ఒక సంఘము కావలెననుట అందరు ఒప్పుకొను మాటయే. దానిని నడుపుట కెవరు ముందుకు వత్తురన్నచోట మాట ఆగిపోవును. ఆ ఆగిపోవు చోటును గూర్చియే ఇచట ముచ్చటింపవలసియున్నది.

గ్రంథాలయమున ఈ ప్రస్తావన ఏల యని కొందరికి తోపవచ్చును. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడుటకు కారకులైన అయ్యంకి వెంకటరమణయ్య గారు గాని, 1935లో పుస్తకములను పడవకెక్కించి కాలువ వెంట గ్రామములకు పంపిన పాతూరి నాగభూషణం గారు గాని, మరెవరో వచ్చి చేయుదురని ఎదురుచూచినవారు కారు. చదువరి గ్రంథాలయమునకు రాలేనప్పుడు గ్రంథాలయమే చదువరి యొద్దకు పోవలెనని ఆ పడవ తెలిపినది. ఇల్లు కదలలేని కుటుంబముల విషయమునను ఆ తీరుననే ఆలోచింపవలసియున్నది.

మొదట ఆటిజమనగా నేమో తెలిసికొనవలెను. ఇది అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు, పూర్వజన్మ పాపము అంతకన్న కాదు. మెదడు ఎదుగుదలలో చిన్ననాటనే కలుగు తేడా. దానివలన ఇతరులతో కలియుట, మాటలాడుట, ఎదుటివారి మనస్సును గ్రహించుట వేరొక తీరున నుండును. ఒకే ఆటను గంటలకొలది ఆడుట, రోజు పోవు దారిననే పోవలెనని, అదే పళ్లెములో తినవలెనని పట్టుపట్టుట, మిక్సీ చప్పుడునకు చెవులు మూసికొనుట, చొక్కా మెడవెనుక కుట్టిన గుడ్డపీలిక తగిలినంతనే తాళలేక ఏడ్చుట మొదలగునవి చూడవచ్చును. ఏడాది నిండిన బిడ్డ పేరు పెట్టి పిలిచినను తిరిగి చూడకున్నను, ఏడాదిన్నర వచ్చినను వేలితో దేనిని చూపకున్నను, రెండేండ్లకు రెండు మాటలు కలిపి పలుకకున్నను, వచ్చిన మాటలే పోయినను డాక్టరుకు చూపవలెను. చెవులు వినబడుచున్నవో లేదో ముందు పరీక్ష చేయింపవలెను.

ఈ స్థితి అందరియందు ఒకే తీరున నుండదు. ఒకరు జీవితాంతము ఒక్క మాటయు పలుకకపోవచ్చును. మరియొకరు పెద్ద చదువులు చదివి ఉద్యోగము చేయుచు, తనకిట్టి స్థితి యున్నదని నలుబదవయేట తెలిసికొనవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపు 2021 నాటి అంచనా ప్రకారము 127 మందిలో ఒకరికి ఆటిజము కలదు. ఆ లెక్కన 50,000 జనాభా గల మండలమున సుమారు 400 మంది యుండవలెను. వారెచటనున్నారని అడిగినచో, ఏ ఊరనైనను ఒకరిద్దరిని మించి చూపగలవారు అరుదు. తక్కినవారు లేరని కాదు, కనబడుట లేదని అర్థము.

ఏల కనబడరో పల్లె జీవనమెరిగినవారికి తెలియనిది కాదు. మూడేండ్లు వచ్చినను బిడ్డకు మాట రాదు. "మేనమామకు కూడ ఐదేండ్లకు గాని మాట రాలేదు, తొందరేల?" అని పెద్దవారు ఊరడింతురు. ఆ ఊరడింపుతో రెండేండ్లు గడచును. పిమ్మట గాలి సోకినదని తాయెత్తు కట్టింతురు, దోషమున్నదని పూజ చేయింతురు. చిట్టచివరకు తప్పంతయు తల్లిమీదికి వచ్చును. కడుపుతోనున్నప్పుడు గ్రహణము చూచినదందురు. సెల్‌ఫోను చేతికిచ్చి తన పనులు చూచుకొన్నదందురు. బిడ్డను ఒడిలోనికి తీసికొని నాలుగు మాటలు చెప్పలేదందురు. ఆ తల్లి మొదట పెండ్లిండ్లకు పోవుట మానును. పిదప జాతరకు పోవుట మానును. కొన్నాళ్లకు సాయంకాలము వీధి అరుగు మీదికి వచ్చుటయు మానును. తండ్రి తెల్లవారకముందే పనికి పోవును. ఆయన మౌనము ఎవరి దృష్టికిని రాదు.

మిక్కిలి చదువుకొన్న దేశములును ఈ విషయమున మెరుగుగా ప్రవర్తింపలేదు. 1938లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమున ఫారెస్టు అను చిన్న పట్టణమునుండి ఒక న్యాయవాది తన కుమారుని తీరుతెన్నులను వివరించుచు బాల్టిమోరులోని డాక్టర్ లియో కానర్‌కు 33 పుటల ఉత్తరము వ్రాసెను. ఆ బాలుడే డోనాల్డ్ ట్రిప్లెట్. 1943లో కానర్ 11 మంది పిల్లలను గూర్చి ప్రచురించిన సుప్రసిద్ధ వ్యాసమున మొదటివాడు అతడే. ఆటిజమును గూర్చిన వైద్యశాస్త్రమునకు ఆ విధముగా ఒక తండ్రి వ్రాసిన ఉత్తరము పునాదియయ్యెను. అయినను ఆ వ్యాసమునందే, ఆ పిల్లల తల్లిదండ్రులలో వెచ్చని హృదయము గలవారు తక్కువయను మాటయు దొరలెను. ఆ మాటయే పెరిగి పెరిగి "రెఫ్రిజిరేటరు తల్లి" అను నిందగా మారెను. మంచుగడ్డవంటి తల్లి వలననే బిడ్డ ఇట్లయ్యెనని దాని భావము. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ప్రచురించిన గ్రంథము ఆ నిందకు పండితముద్ర వేసినది. గ్రహణము చూచినదను మాటకును దీనికిని తేడా ఏమున్నదో విజ్ఞులు యోచింపవలెను.

ఆ నిందను తొలగించుటకు తల్లిదండ్రులే పూనుకొనవలసి వచ్చినది. 1962లో లండనులో కొందరు తల్లిదండ్రులు కూడి ఒక సంఘము స్థాపించిరి. వారిలో లోర్నా వింగ్ మానసిక వైద్యురాలు, ఆటిజము గల ఒక బాలికకు తల్లి. అదే నేటి బ్రిటిషు జాతీయ ఆటిజము సంఘము. అమెరికాలో నౌకాదళమునకు చెందిన మనోవిజ్ఞాని బెర్నార్డ్ రిమ్లండ్ తన కుమారుని స్థితికి కారణము వెదకుచు, తల్లుల దోషమనుటకు ఆధారమే లేదని 1964లో ఒక గ్రంథమున నిరూపించెను. మరుసటి సంవత్సరము తల్లిదండ్రుల జాతీయ సంఘమొకటి అచటను ఏర్పడెను. దాని స్థాపకులలో రూత్ క్రైస్ట్ సలివాన్ ఒకరు. ఆమె నర్సు, ఏడుగురు బిడ్డల తల్లి. వికలాంగ బాలలందరికి ఉచిత విద్యను హక్కుగా చేసిన 1975 నాటి అమెరికా చట్టము కొరకు ఆమె ఎంతయో పాటుపడెను. 1969లో ఆ సంఘము జరిపిన సభకే వృద్ధుడైన కానర్ వచ్చి, తల్లిదండ్రులను నిర్దోషులుగా అందరి ఎదుట ప్రకటించెను. సంఘమే పుట్టియుండనిచో ఆ మాట చెప్పుటకు వేదికయు, వినుటకు సభయు ఉండెడివి కావు. అటుపిమ్మట 1977లో లండనులో 21 జతల కవలలను పరిశీలించినప్పుడు, పుట్టుకతో వచ్చు వంశపారంపర్య కారణములే ప్రధానమని తేలుట మొదలిడినది.

భారతదేశమున 1991లో న్యూఢిల్లీలో మెర్రీ బరువా అను తల్లి ఇతర తల్లిదండ్రులతో కలిసి "యాక్షన్ ఫర్ ఆటిజం" అను సంస్థను ఆరంభించెను. 1995లో వచ్చిన వికలాంగుల చట్టమున ఏడు విధముల వైకల్యములే పేర్కొనబడినవి. వానిలో ఆటిజము పేరే లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టమున ఆ పేరు చేరెను. ఆ చట్టమునకును ఈ గ్రంథాలయమునకును ఇంచుమించు ఒకే వయస్సు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున గుర్తింపబడిన 21 వైకల్యములలో ఆటిజము ఒకటి. అడిగినవారుండుటచేతనే ఇన్ని సంవత్సరములకైనను ఒక పేరు చట్టములోనికి ఎక్కినది.

ఇవన్నియు పెద్ద నగరముల ముచ్చటలు గదా, పల్లెలో ఎవరున్నారని ప్రశ్న వచ్చును. ఉన్నవారు లేకపోలేదు. ముందుకు వచ్చుటకు అడ్డములు మాత్రము నిజముగా నున్నవి, వానిని తేలికగా చూడరాదు. "నా బిడ్డకే ఏమియు చేయలేకున్నాను, పదిమందికి ఏమి చెప్పగలను?" అని ఒక తల్లి యనును. "మాకు చదువు లేదు" అని మరియొకరందురు. అన్నిటికంటె బలమైన అడ్డము పైకి చెప్పుకొనరానిది. ఇంటిలో ఈడు వచ్చిన ఆడపిల్ల యున్నది, తమ్ముని సంగతి నలుగురికి తెలిసినచో సంబంధములు తప్పిపోవునను భయము. ఆ భయమును మూర్ఖత్వమని త్రోసిపుచ్చువారు సంఘమును నడుపుటకు పనికిరారు. అట్టి ఇంటివారికి పేరు వ్రాయనక్కరలేకయే వచ్చి కూర్చుండు అవకాశము కల్పింపవలెను.

చదువు లేదను మాటకు సమాధానము సులభము. సంఘనాయకుని పని వైద్యము కాదు. బిడ్డను చూచి "ఇది ఆటిజమే" యని గాని, "కాదు, పదండి" యని గాని చెప్పు అధికారము ఆయనకు లేదు, ఉండరాదు. చెప్పిన దినమున చెప్పిన వేళకు తలుపు తీయుట, వచ్చినవారిని కూర్చుండబెట్టుట, చెప్పునది వినుట, తెలియనిదానిని తెలియదనుట, తెలిసినవారి చిరునామా ఇచ్చుట, ఇవియే ఆయన పనులు. తన బిడ్డ విషయమున అలసియున్న తల్లి చెప్పు మాటకు ఆ గదిలో నుండు విలువ పండితుని ఉపన్యాసమునకు ఉండదు. నడుపువారు తప్పక తల్లిదండ్రులే కానక్కరలేదు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలో, అంగన్‌వాడీ కార్యకర్తయో కావచ్చును. కాని ఒంటరిగా ఒక్కరు పూనుకొనుట మంచిది కాదు. ఆటిజము గల పిల్లలలో నిద్రపట్టని రాత్రులు తరచు. తెల్లవార్లు మేల్కొన్న తల్లి మరునాడు సభకు రాలేదు. ఆ దినమున తలుపు మూసియున్నచో, ఎంతో ధైర్యము కూడగట్టుకొని పొరుగూరినుండి బస్సులో వచ్చిన మరొక తల్లి వెనుదిరిగిపోవును, మరల రాదు. అందుచేత ఇద్దరు కావలెను.

సంఘములకు అధ్యక్షులు దొరుకుదురు, చాపలు పరచువారే దొరకరు. ఈ సంఘమునకు మాత్రము చాపలు పరచువారే అధ్యక్షులు. మొదటి నెల ఎవరును రాకపోవచ్చును. రెండవ నెల ఒక నాయనమ్మ వచ్చి, గుమ్మమునొద్దనే నిలువబడి, "ఇక్కడ మాటలు రాని పిల్లలకు మందిత్తురట గదా?" యని అడుగవచ్చును. ఈయరని చెప్పి పంపివేయుట సులభము. కూర్చుండబెట్టి మంచినీరిచ్చి మనుమని గూర్చి అడిగినచో, ఆమె గంటసేపు మాటలాడును. మూడవ నెల కోడలిని వెంటబెట్టుకొని వచ్చునది ఆమెయే.

స్థలము విషయమున ఒక మాట. బిడ్డను ఇంటివద్ద విడిచి రాగల తల్లి అరుదు కనుక పిల్లలును వత్తురు. వారు పరుగెత్తుదురు, కేకలు వేయుదురు, అలమారలోని పుస్తకములన్నియు తీసి వరుసగా నేలమీద పేర్చుదురు. "నిశ్శబ్దము పాటింపుడు" అను బల్లను ఆ రెండు గంటలు గోడవైపు త్రిప్పి పెట్టవలసియుండును. పాలకవర్గమువారు దీనిని ముందుగనే ఎరిగియుండుట మేలు. మ్రోగుచుండు ట్యూబులైటును ఆర్పివేయుట, కిటికీ వైపు ఒక మూల నిమ్మళముగా నుండునట్లు చేయుట, కాలేజీ విద్యార్థులు నలుగురు పిల్లలను కనిపెట్టియుండుట, ఈపాటి ఏర్పాట్లకు ఖర్చు లేదు.

ఆ గదిలో చెప్పినది ఆ గదిలోనే యుండవలెను. ఊరిలో ఇది కష్టమైన నియమము. అరుగు మీద అందరును ఎరిగినవారే. ఒక్కసారి తప్పినను సంఘము నిలువదు. పిల్లల ఛాయాచిత్రములు తీయరాదు. పండ్లు పంచుటకు వచ్చు పెద్దమనుష్యుల వెంట కెమెరాలు వచ్చుట పరిపాటి. పండ్లు తీసికొని కెమెరాలను వెలుపల నుంచవలెను. వాట్సాపు బృందము పెట్టుట మంచిదే గాని, బిడ్డల వీడియోలు అందులో తిరుగరాదు.

మందులమ్మువారి విషయమున అంతకంటె గట్టిగా నుండవలెను. ఆరు నెలలలో మాటలు తెప్పింతుమని, మూలకణములు ఎక్కించినచో పూర్తిగా నయమగునని లక్షలు తీయువారున్నారు. పొలము కుదువపెట్టి చెల్లించు తండ్రులున్నారు. ఆటిజమును మాపు మందు ఇంతవరకు లేదు. మూర్ఛ, నిద్రలేమి వంటి వెంటవచ్చు బాధలకు మందులు కలవు. మాట, నడవడి, స్వయముగా పనులు చేసికొనుట మున్నగువానికి శిక్షణ కలదు. అది ఎంత చిన్నవయస్సున మొదలైన అంత మేలు. టీకాల వలన ఆటిజము వచ్చునను భయమును 1998లో ఇంగ్లండునుండి వెలువడిన ఒక వ్యాసము పుట్టించెను. ఆ వ్యాసమును అచ్చువేసిన పత్రికయే 2010లో దానిని ఉపసంహరించుకొన్నది. ఇచట ఒక సంగతి దాచరానిది. తల్లులను నిందనుండి విడిపించిన రిమ్లండే తన తరువాతి జీవితమున రుజువుకాని చికిత్సలకును, టీకాల మీది అనుమానమునకును ప్రోత్సాహమిచ్చెను. గొప్ప మేలు చేసిన నాయకుడు చెప్పినను రుజువు అడుగవలసినదే. కనుక ఏ మందునైనను సంఘములో అమ్మరాదు, పొగడరాదు. నాయకుడు కొనుగోళ్లలో దలాలీ తీసికొన్నట్లు ఒక్కనాడు తెలిసినను, ఆయనను ఆ నాడే తప్పింపవలెను.

కాలువలును, చెరువులును, గట్టులేని బావులును గల ఈ ప్రాంతమున సంఘము మొట్టమొదట చేపట్టవలసిన పని వేరొకటి కలదు. ఆటిజము గల పిల్లలు ఉన్నట్టుండి ఇల్లు విడిచి వెళ్లిపోదురు. అమెరికాలో 2012లో ప్రచురింపబడిన పరిశీలనలో, నాలుగేండ్లు దాటిన పిమ్మట కనీసమొక్కసారి ఇట్లు తప్పిపోజూచినవారు ఇంచుమించు సగము మంది. నీరన్నచో వీరిలో పెక్కుమందికి ఎంతో ఇష్టము. తప్పిపోయిన పిల్లల మరణములకు నీట మునుగుటయే ప్రధాన కారణము. పేరు పెట్టి పిలిచినచో పలుకని బిడ్డను చీకటిలో కేకలు వేసి వెదకుట వలన ప్రయోజనము లేదు. మొదట కాలువ గట్టునకు, చెరువునకు, బావికి పరుగెత్తవలెను. ఇండ్లును వీధులును తరువాత. ఈ ఒక్క మాట ఊరిలో ప్రతివారికి తెలిసియున్న చాలును, ఒక ప్రాణము దక్కవచ్చును. కాలువ గట్టునగల ఇండ్లవారికి, చాకిరేవువారికి, కిళ్లీకొట్టువారికి, ఆటో స్టాండువారికి బిడ్డను ముందుగనే పరిచయము చేయుటకు తల్లిదండ్రులు సమ్మతింపవలెను. సమ్మతింపజేయుట నాయకుని నేర్పు. బిడ్డను దాచిన ఇల్లు పరువును కాపాడుకొన్నదనుకొనును గాని, బిడ్డ వీధిలోనికి వచ్చిననాడు ఎవరి బిడ్డయో గుర్తించువారుండరు. తలుపునకు పైన గడియ, బిడ్డ మొలత్రాటికో చేతికో ఫోను నంబరు గల బిళ్ల, వీలైనచోట ఈత నేర్పుట, ఇవియు చేయదగినవే.

కాగితముల పనికి ఒక దస్త్రము వేరుగా నుండవలెను. జనము సదరం అని పిలుచు పరీక్ష ఎచట, ఏ దినమున జరుగును, యు.డి.ఐ.డి. కార్డునకు ఏమేమి తీసికొనిపోవలెను. మండలములోని భవిత కేంద్రమున ప్రత్యేకోపాధ్యాయులు ఎప్పుడుందురు. జిల్లా ఆసుపత్రిలో చిన్నపిల్లల ఎదుగుదల లోపములను చూచు కేంద్రము ఏ గదిలో నున్నది. సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థకు పోవుటకు ఏ బస్సెక్కవలెను. నేషనల్ ట్రస్టువారి నిరామయ బీమాకు దరఖాస్తు ఎట్లు పెట్టవలెను. ఒక కుటుంబము మూడుసార్లు తిరిగి నేర్చుకొన్నదానిని వ్రాసియుంచినచో రెండవ కుటుంబమునకు ఒక్కసారితో పని ముగియును. సంఘము వలన కలుగు ప్రయోజనములలో మిక్కిలి చప్పనిదియు, మిక్కిలి విలువైనదియు ఇదియే. 6 మొదలు 18 సంవత్సరముల వరకు ఉచిత విద్య 2016 నాటి చట్టము ప్రకారము 40 శాతమునకు తగ్గని వైకల్యము గల బిడ్డకు హక్కు. బడిలో చేర్చుకొనజాలమని చెప్పినచోట తల్లి ఒక్కతె పోయి అడుగుట వేరు, నలుగురు కలిసి ఆ చట్టము ప్రతితో పోయి అడుగుట వేరు.

పిల్లలు పెద్దవారగుదురు. "మా తరువాత వీని గతి ఏమి?" అని తల్లిదండ్రులు రాత్రులందు తమలో తాము అడుగుకొను ప్రశ్న సంఘములో పైకి రావలెను. 18 ఏండ్లు నిండినవారికి అవసరమైనచో సంరక్షకుని నియమించు అధికారము, 1999 నాటి చట్టము ప్రకారము, జిల్లా కలెక్టరు ఉండు స్థానిక కమిటీకి కలదు. ఆ సంగతి తెలియక కోర్టులచుట్టు తిరుగువారున్నారు. అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను ఈ సంభాషణలోనికి ముందుగనే తీసికొనిరావలెను. వారికి చెప్పక వారిమీద భారము పెట్టుట న్యాయము కాదు.

మరియొక సంగతి తల్లిదండ్రులకు చేదుగా నుండవచ్చును. సంఘము తల్లిదండ్రుల దుఃఖమునకే పరిమితము కారాదు. 1993లో టొరంటో సభలో జిమ్ సింక్లెయిర్ అను ఆటిజము గల వ్యక్తి తల్లిదండ్రులనుద్దేశించి ఒక ప్రసంగము చేసిరి. కోరుకొన్న బిడ్డ కొరకు ఏడ్చుట సహజమే గాని, ఎదుటనున్న బిడ్డను చూచి ఏడువవద్దని దాని సారాంశము. బిడ్డ గదిలో నుండగనే "వీనికేమియు తెలియదు" అని చెప్పుకొనుట పరిపాటి. మాట రానివారు వినలేరనుకొనుట పొరపాటు. వయస్సు వచ్చిన ఆటిజము గలవారు ఎవరైన రాగలిగినచో, వారికి వేదిక మీద కాదు, నిర్ణయములు చేయుచోట స్థానమీయవలెను. మాట లేనివారు బొమ్మలు చూపియో, ఫోనులో అక్షరములు నొక్కియో చెప్పగలిగినదానిని ఓపికతో తెలిసికొనవలెను.

ఫారెస్టు పట్టణపు డోనాల్డ్ ట్రిప్లెట్ ఏమయ్యెనో చెప్పక విడువరాదు. అతడు పెరిగి పెద్దవాడై ఆ ఊరి బ్యాంకులో పనిచేసెను. 27వ యేట కారు నడుపుట నేర్చెను, గోల్ఫు ఆడెను, ఒంటరిగా దేశదేశములు తిరిగెను. 2023లో తన 89వ యేట మరణించెను. వారిది కలిమిగల కుటుంబమనుట నిజము. ఆ కలిమి అందరికి రాదు. కాని అతని కథను వ్రాసిన పత్రికా రచయితలు ఆ ఊరికి పోయినప్పుడు, డోనాల్డును బాధపెట్టినచో ఊరుకొనమని ఊరివారు వారిని ముందే హెచ్చరించిరట. ఊరు అతని వింత నడవడిని ఎరిగి, దానిని అతని స్వభావముగనే ఎంచినది. పల్లెకు డబ్బు లేకపోవచ్చును గాని, ఒకరినొకరు ఎరిగియుండుట అను సొత్తు పట్టణములకంటె పల్లెకే ఎక్కువ.

నాయకుని అలసట గూర్చి చెప్పవలసినది కొంచెమే. రాత్రి పదకొండు గంటలకు ఫోను మ్రోగును. ప్రాణము తీసికొందునను తల్లి మాట ఆవలినుండి వినబడవచ్చును. అట్టివేళ ఏమి చేయవలెనో ముందే తెలిసియుండవలెను: ఆమెను మాటలలో నిలుపుట, ఇంటివారిలో మరియొకరిని పిలుచుట, ఉచితముగా పలుకు ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు కలుపుట, ప్రమాదము దగ్గరగా నున్నచో వెంటనే 108కి చెప్పుట. ఇది ఒక్కరు పాతికేండ్లు మోయదగిన భారము కాదు. రెండేండ్లకొకసారి ఇద్దరిలో ఒకరు దిగి మరియొకరు ఎక్కునట్లు మొదటి సమావేశముననే వ్రాసికొనవలెను. దిగినవారిని విడిచిపెట్టినవారని అనరాదు. వారు చాపమీద కూర్చుండి, ఇతరులవలెనే తమ బిడ్డ ముచ్చట చెప్పుకొనుటకు ఇకమీదట వత్తురు.

పాలకవర్గమువారు సమ్మతించినచో పఠన మందిరమును ప్రతి నెల రెండవ ఆదివారము మధ్యాహ్నము మూడు మొదలు ఐదు గంటల వరకు ఇందుకు విడువవచ్చును. చాపలు గ్రంథాలయమున కలవు. తాళపుచెవి పుచ్చుకొనుటకు ఇద్దరు కావలెను. సభ ముగిసిన పిమ్మట కార్యదర్శి గారి బల్లయొద్ద ఒక తెల్లకాగితము ఉండును. అందరి ఎదుట వ్రాయుటకు సంకోచించువారు సాయంకాలము ఇంటికి పోయియు ఆయనకు తెలుపవచ్చును.